కోడి నీటి లెక్క

వేసవిలో కోళ్ళను గురించి మాట్లాడటానికి ఏ వూరు వెళ్ళినా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. "అయ్యా, కోడికి చెమట పట్టదు. ఆవుమాదిరి, మేకమాదిరి ఉచ్చ పొయ్యదు. మరి దానికి ఇన్ని నీళ్ళెందుకు? ఎండాకాలం తొట్టినిండా పోసినా చాలదేమిటి? ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నాయి?" అని. ప్రశ్న చూడటానికి చిన్నదే. కాని దీనికి సరైన జవాబు దొరకటానికి శాస్త్రజ్ఞులకు దాదాపు రెండువందల ఏళ్ళు పట్టింది. ఆ జవాబు తెలిసినవారికీ తెలియనివారికీ ఉన్న తేడా రోహిణి కార్తెలో ఒక్క మధ్యాహ్నంతో తేలిపోతుంది. పొద్దున మేతకు ఎగబడ్డ కోళ్ళు పొద్దుగూకేసరికి గుట్టగా పడివుంటాయి. ఏ రోగమూ లేదు, తెగులూ లేదు, వడదెబ్బ, అంతే. అందుచేత ఈవేళ ఈ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం. కాస్త పాత కథనుంచి మొదలుపెట్టాలి.

మన పెరటికోడికి మూలం ఎర్ర అడవికోడి. ఈ సంగతిని 1868లో డార్విన్ పెంపుడు జంతువులను గురించి రాసిన పుస్తకంలో వాదించి చెప్పాడు. ఆయన చెప్పినది చాలామటుకు నిజమే. అయితే 2008లో జన్యువులను పరీక్షించినవారు ఒక చిన్న సవరణ చేశారు. పెంపుడు కోళ్ళ చర్మానికి, కాళ్ళకు ఉండే పసుపు రంగు ఎర్ర అడవికోడిది కాదట. అది బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చినదట. ఆ బూడిదరంగు అడవికోడి ఎక్కడిదో కాదు, మన దక్షిణ దేశపు అడవులదే. స్థూలంగా చెప్పాలంటే గోదావరికి అటువైపు ఎర్రది, ఇటువైపు బూడిదరంగుది. రెండు జాతుల సరిహద్దూ మన నేలమీదనే ఉన్నదన్నమాట.

కోడిని మొదట మచ్చిక చేసినవారు మొహెంజొదారో కాలపు మనుషులని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2022లో ప్రకటించిన పరిశోధనలు ఆ మాటను మార్చివేశాయి. పాత ఎముకలన్నీ తిరిగి పరీక్షిస్తే, నిస్సందేహంగా పెంపుడు కోడివని చెప్పదగిన వాటిలో అన్నిటికన్న పాతవి నడిమి థాయిలాండులో బాన్ నాన్ వాట్ అనే చోట దొరికినవని తేలింది. వాటి వయస్సు సుమారు మూడువేల అయిదువందల ఏళ్ళు. అక్కడివారు వరి, కొర్రవంటి ధాన్యాలు పండించటం మొదలుపెట్టగానే గింజలకోసం అడవికోడి తనంత తానే చేనిలోకి వచ్చి, మనిషికి అలవాటుపడి ఉంటుందని వారి అభిప్రాయం. నాకు ఇది సబబుగానే తోస్తుంది. ఈనాటికీ కళ్ళంలో ధాన్యం పోస్తే పిలవకుండానే వచ్చేది కోడే గదా!

ఈ కథ ఎందుకు చెప్పానంటే, అడవికోడి ఉండే చోటు మనం గమనించాలి. అది వేడి దేశమే. కాని ఎడారి కాదు. వెదురుపొదలు, చెట్లనీడ, దగ్గరలో వాగు. అడవికోడి తెల్లవారుజామున, సాయంత్రం చల్లపూట మేతకు బయలుదేరుతుంది. నడిపొద్దున పొదలో దూరి కదలకుండా కూర్చుంటుంది. ఎండను తట్టుకోవటం కన్న ఎండను తప్పించుకోవటమే దానికి తెలిసిన విద్య. దాని ఒంట్లో ఉన్న ఏర్పాట్లన్నీ ఆ బ్రతుకుకు తగినట్టే ఉన్నాయి. రేకుల షెడ్డులో వేలకొద్దీ కోళ్ళను నిలబెట్టినప్పుడు మనం ఆ విద్యను దానికి లేకుండా చేశామని గుర్తుంచుకోవాలి.

ఇక నీటి సంగతి. ముందు పొదుపు వైపు చూద్దాం.

కోడి రెట్టను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. నల్లగానో గోధుమరంగుగానో ఉన్న ముద్దమీద సున్నం పూసినట్టు తెల్లగా ఒక పొర ఉంటుంది. అదే కోడి మూత్రం. కోడి ఉచ్చ పొయ్యదన్న మాట సరికాదు. పోస్తుంది, కాని గట్టిగా పోస్తుంది. ఆ తెల్లనిది యూరిక్ ఆమ్లం. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే దీనిని 1776లో మొదటిసారి గుర్తించాడు. అయితే ఆయనకు అది దొరికింది కోడి రెట్టలో కాదు, మనుషుల మూత్రాశయంలో పడే రాళ్ళలో! తరువాత పెరూ దేశపు సముద్రతీరపు దీవులనుంచి గ్వానో అనే ఎరువు, అంటే వేల ఏళ్ళుగా పేరుకొన్న సముద్రపక్షుల రెట్ట, యూరపుకు చేరింది. 19వ శతాబ్దం మొదటి పదేళ్ళలోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఫూర్‌క్రువా, వోక్లాన్ దానిని పరీక్షించి, అందులోనూ యూరిక్ ఆమ్లం ఉన్నదని చెప్పారు. మనిషికి రోగంగా వచ్చేది పక్షికి రోజువారీ వ్యవహారమని అలా తెలిసింది. ఇది పక్షి ఒంట్లో ఎక్కడ తయారవుతున్నదో 1886లో మింకోవ్‌స్కీ అనే వైద్యుడు తేల్చాడు. బాతుజాతివైన గూస్ పక్షుల కాలేయం తీసివేస్తే వాటి మూత్రంలో యూరిక్ ఆమ్లం బాగా తగ్గిపోయింది. కనుక అది కాలేయంలోనే తయారవుతున్నదన్నమాట.

దీనివల్ల కోడికి లాభమేమిటి? మాంసకృత్తులు తిన్న ఏ జీవి అయినా వాటిలోని నత్రజనిని చివరకు బయటికి పంపాలి. మనమూ, మన పశువులూ దానిని యూరియాగా మార్చి పంపుతాము. యూరియా నీటిలో చక్కగా కరుగుతుంది. పొలంలో చల్లేవారికి వేరే చెప్పనక్కరలేదు. కరిగినదాన్ని పంపాలంటే వెంట నీళ్ళు పోవలసిందే. యూరిక్ ఆమ్లం అలా కాదు. ఒక్క గ్రాము కరగాలంటే పదిలీటర్లకు పైగా నీరు కావాలి. అంటే దాదాపు కరగదన్నమాట. కరగనిదాన్ని ముద్దగా పక్కకు నెట్టవచ్చు. నీళ్ళు వెనక్కు తీసుకోవచ్చు.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో 1931లో ఇంగ్లండులో జోసెఫ్ నీడమ్ ఒక మంచి ఊహ చేశాడు. ఇది పెద్దకోడి కోసం కాదు, గుడ్డులోని పిల్లకోసం వచ్చినది అన్నాడు. చూడండి, తల్లి కడుపులోని దూడ తన మాలిన్యాన్ని తల్లి రక్తంలోకి వదిలిపెడుతుంది. గుడ్డులోని పిల్లకు ఆ వీలు లేదు. ఇరవైయొక్క రోజులూ మూసిన గదిలో ఉండాలి. గుడ్డులో ఎన్ని నీళ్ళు ఉంటే అన్నే. కొత్తగా చుక్క రాదు, పైగా పెంకు సన్నని రంధ్రాలనుంచి ఆవిరై కొంత పోతుంది. యూరియా చేస్తే అది ఆ నీళ్ళలోనే పేరుకుపోతుంది. అందుకని పిల్ల కరగని యూరిక్ ఆమ్లం చేసి ఒక పక్క సంచిలో దాచుకుంటుంది. పిల్లలు దిగిన తరువాత గంపలో మిగిలిన పెంకులు ఏరి పారవేసేటప్పుడు, లోపలి పొరకు తెల్లగా సున్నపు మరకలవంటివి అంటుకొని ఉండటం మన ఆడవాళ్ళు చూసే ఉంటారు. పిల్ల దాచుకున్న సంచీ అదే.

సరే, రెట్టదాకా వచ్చాము. ఇంకొక చిక్కు ఉన్నది. కోడి మూత్రపిండం అంత గొప్ప పనిమంతురాలేమీ కాదు. ఉప్పును చిక్కబరచి తక్కువ నీటితో పంపటంలో మనిషి మూత్రపిండం రక్తానికి నాలుగురెట్ల చిక్కదనం తేగలదు. కోడిది రెట్టింపు దాకా వచ్చేసరికి ఆగిపోతుంది. 1939లో కోర్ అనే శాస్త్రజ్ఞుడు కోడి మూత్రపిండపు పనిని కొలిచి చూపాడు. దానిలోని సన్నని గొట్టాల్లో ఎక్కువభాగం బల్లులకు, పాములకు ఉండేవాటి తీరువి. మన తీరువి కొద్ది. మరి ఇంత చేతకాని మూత్రపిండంతో కోడి అంత పొదుపు ఎలా చేస్తున్నది?

దీనికి జవాబు కోడి వెనుకభాగంలో దొరికింది. కోడికి మలానికీ, మూత్రానికీ, గుడ్డుకూ ఒకటే ద్వారం. మూత్రం దిగిన గదినుంచి నేరుగా బయటికి పోవాలి గదా. పోదు. 1967లో ఇంగ్లండులో ఏకెస్టర్, ఆయన సహచరులు ఎక్స్-రే చిత్రాలు తీసి చూస్తే మూత్రం వెనక్కు నడుస్తున్నది! ద్వారం దగ్గరి గదినుంచి పెద్దపేగులోకి ఎదురెక్కి, అక్కడ మలంతో కలుస్తున్నది. అదే కాలంలో డెన్మార్కులో స్కాడౌగ అనే శాస్త్రజ్ఞుడు పుంజులమీద ఏళ్ళతరబడి పరీక్షలు చేసి, ఆ పేగు గోడ ఉప్పును లోపలికి లాగుతున్నదనీ, ఉప్పు వెంట నీరూ తిరిగి రక్తంలోకి పోతున్నదనీ నిరూపించాడు. ఒకసారి పారిన కాలువనీటిని చివర మళ్ళీ ఎత్తిపోసుకొన్నట్టన్నమాట. మూత్రపిండం చేయలేని పని పేగు చేస్తున్నది. దాహంగా ఉన్నప్పుడు మెదడు దిగువనుంచి ఒక హార్మోను వెలువడి మూత్రపిండాన్ని కూడా తగ్గించి పనిచేయమంటుంది.

ఇక్కడ బోరునీళ్ళు ఉప్పగా ఉండే గ్రామాలవారు ఒక మాట వినాలి. సముద్రపు పక్షులు ఉప్పునీళ్ళు తాగి బ్రతుకుతాయి. అదెలాగో 1957లో ష్మిట్-నీల్సన్ కనిపెట్టాడు. వాటి కళ్ళపైన ఒక గ్రంథి ఉండి ఉప్పును ముక్కునుంచి చుక్కలుగా కారుస్తుంది. కోడికి అలా పనిచేసే గ్రంథి లేదు. మూత్రపిండమా, అంతంతమాత్రం. కనుక ఉప్పునీళ్ళు తాగిన కోడి ఆ ఉప్పును పంపటానికి ఇంకా నీళ్ళు ఖర్చుచేయాలి. రెట్ట పలచబడుతుంది, కిందపోసిన పొట్టు తడుస్తుంది, షెడ్డులో ఘాటు కమ్ముకుంటుంది. చాలామంది దీన్ని రోగమనుకొని మందులు పోస్తారు. ముందు నీటిని పరీక్షకు పంపండి.

ఇదంతా పొదుపు వైపు. ఇక ఖర్చు వైపుకు వద్దాం. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది.

కోడి ఒంటి వేడి మనకన్న ఎక్కువ. 41 నుంచి 42 డిగ్రీలు. పాత లెక్కలో 107 అనుకోండి. మనకైతే సన్నిపాతమే. అది 46, 47 డిగ్రీలకు చేరితే కోడి బ్రతకదు. మధ్య ఉన్నది నాలుగైదు డిగ్రీలే. చెమట గ్రంథులు లేవు. ఒంటినిండా ఈకల దుప్పటి. అందుచేత ఎండ ముదిరేకొద్దీ కోడి ఒకదాని తరువాత ఒకటిగా తనకు తెలిసిన ఉపాయాలు తీస్తుంది. మొదట రెక్కలు ఒంటికి దూరంగా వేలాడేస్తుంది. రెక్కల కింద ఈకలు పలచన, అక్కడ గాలి తగులుతుంది. తలమీది ఎర్రజుట్టుకు, గడ్డం కింద వేలాడే తోళ్ళకు, కాళ్ళకు రక్తం ఎక్కువగా పంపుతుంది. వాటిమీద ఈకలు లేవు గనుక వేడి గాలిలోకి పోతుంది. పైపొట్టును గోళ్ళతో తోడి చల్లని నేలకు పొట్ట ఆనించి పడుకుంటుంది. తిండి తగ్గిస్తుంది. ఇంతవరకు నీటిఖర్చు పెద్దగా లేదు. ఈ ఉపాయాలన్నీ ఒంటికన్న గాలి చల్లగా ఉన్నంతసేపే పనిచేస్తాయి. గాలివేడి 40 డిగ్రీల వైపు నడిచిందా, జుట్టూ కాళ్ళూ ఎందుకూ కొరగావు. అప్పుడిక మిగిలింది నోరు ఒక్కటే.

కోడి నోరు తెరిచి రొప్పటం మొదలుపెడుతుంది. మామూలుగా నిమిషానికి ఇరవై ముప్ఫైసార్లు తీసే ఊపిరి నూటయాభై దాటుతుంది. గొంతు కింద చర్మం వణుకుతున్నట్టు కదులుతుంది. గొంతులో, గాలిగొట్టంలో ఉన్న తడి ఆవిరై పోతుంది. పోతూ వేడిని తీసుకుపోతుంది. లీటరు నీళ్ళను పొయ్యిమీద పెట్టి మరగబెట్టటానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరు పూర్తిగా ఆవిరి కావటానికి దానికి ఏడురెట్ల పైచిలుకు కావాలి. కుండలో నీళ్ళు చల్లబడేది ఈ లెక్కమీదనే. కోడికి ఇంతకన్న గట్టి ఆయుధం లేదు. కాని దీని ఖరీదు నీరే. పేగులో చుక్కచుక్కా వెనక్కు తీసి దాచుకొన్న నీటిని కోడి నోటివెంట గాలికి ధారపోస్తున్నది.

అదీ, మన రైతు అడిగిన ప్రశ్నకు జవాబు. చల్లని రోజుల్లో కోడి తిన్న మేతకు సుమారు రెండింతల బరువు నీరు తాగుతుంది. గుడ్లుపెట్టే కోడి రోజుకు నూరుగ్రాముల పైన మేత తింటుంది గనుక పావులీటరుకు కాస్త అటూ ఇటూ. 35 డిగ్రీలు దాటిన రోజుల్లో అది నాలుగింతలు, అయిదింతలు కూడా అవుతుంది. అందులో గుడ్డు వాటా వేరే. గుడ్డు బరువులో మూడింట రెండువంతులు నీరే. అరవై గ్రాముల గుడ్డు పెట్టే కోడి రోజూ నలభైగ్రాముల నీటిని పెంకులో కట్టి మనకు ఇస్తున్నదన్నమాట. ఒక రోజంతా నీళ్ళు లేకపోతే అది ముందుగా ఆపేది గుడ్డునే.

ఈ రొప్పుకు రెండు లోపాలున్నాయి. మొదటిది ఉక్క. గాలి పొడిగా ఉంటే తడి చప్పున ఆవిరవుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఎంత రొప్పినా ఆవిరి కాదు. రామగుండంలో 43 డిగ్రీల పొడి ఎండకు తట్టుకొన్న కోడి, కాకినాడలో అంతకన్న తక్కువ ఎండలో ఉక్కకు పడిపోవచ్చు. థర్మామీటరు ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

రెండవది గుడ్డు పెంకు. అదేపనిగా ఊపిరి విడవటంవల్ల రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అవసరానికి మించి బయటికి పోతుంది. రక్తం పులుపు తగ్గి క్షారం వైపు మొగ్గుతుంది. గుడ్డు పెంకు సున్నపురాయి వంటిదే. దానికి సున్నమూ కావాలి, బొగ్గుపులుసు వాయువునుంచి వచ్చే కర్బనేటూ కావాలి. రెండోది తక్కువపడితే పెంకు పలచనవుతుంది. ఎండాకాలంలో తోలుగుడ్లు ఎక్కువయ్యేది, బుట్టలో గుడ్లు పగిలేది ఇందుకే. ఆలిచిప్పల పొడి తక్కువై మాత్రమే కాదు. 1985లో అమెరికాలో ఓడమ్, హారిసన్, డేరీ అనేవారు వేడిలో ఉంచిన లెగ్‌హార్న్ పెట్టలకు గ్యాస్ ఎక్కించిన నీళ్ళు, అదే మన సోడానీళ్ళు, తాగించి చూశారు. పెంకు బాగుపడింది! కోళ్ళకు సోడా కొట్టి పోయటం మనకు కుదిరేపని కాదు, నవ్వుకోండి. కాని కారణం ఏమిటో దానితో రూఢి అయింది. నిప్పుకోడికి మాత్రం ఈ బాధ లేదు. గంటలకొద్దీ రొప్పినా దాని రక్తం మారదని 1969లో ష్మిట్-నీల్సన్ బృందం ప్రకటించింది. అది ఎడారిలో పుట్టి పెరిగిన పక్షి. మన కోడి వెదురుపొదలో పుట్టినది.

ఇక కోడిని మనిషి ఎలా మార్చాడో చూద్దాం. అన్ని జాతులూ ఎండను ఒకే మాదిరి తట్టుకోవని 1938లో హట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. తీవ్రమైన వేడికి తెల్ల లెగ్‌హార్న్ కన్న బరువైన జాతులే ఎక్కువగా చస్తున్నాయని ఆయన గమనించాడు. లెగ్‌హార్న్ ఇటలీనుంచి వచ్చినది. తేలిక ఒళ్ళు, పెద్దజుట్టు. మన దేశంలో రెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1956-61 మధ్య, కోళ్ళ అభివృద్ధికి పథకాలు వేసి తెల్ల లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్ జాతులను పల్లెలకు పంచారు. లెగ్‌హార్న్ మన ఎండకు నిలదొక్కుకోవటం ఊరికే జరిగినది కాదు.

1953లో ఇంగ్లండులో హచిన్సన్, సైక్స్ అనేవారు ఇంకొక సంగతి కనిపెట్టారు. వేడి, ఉక్క గదిలో కోళ్ళను రోజూ కొంతసేపు ఉంచుతూ వస్తే, మొదటిరోజు పెరిగినంతగా వాటి ఒంటివేడి తరువాతి రోజుల్లో పెరగలేదు. ఒళ్ళు అలవాటు పడుతున్నదన్నమాట. అందుకే ఎండ మెల్లగా ముదిరిన సంవత్సరం కోళ్ళు నిలబడతాయి. చల్లగా ఉండి ఒక్కసారిగా వడగాడ్పు వీచిన సంవత్సరం చస్తాయి. వేసవిలో మొదటి వడగాడ్పును చూసి ఎక్కువ భయపడాలి. 1988లో ఇంకొకరు అయిదురోజుల వయసున్న బ్రాయిలర్ పిల్లలను ఒక్కరోజు ఎక్కువ వేడిలో ఉంచి, అవి పెద్దయ్యాక ఎండకు తక్కువ చచ్చాయని చూపారు. ఇది ఇంట్లో చేసి చూడవలసిన పని కాదని విస్తరణ కార్యకర్తలు రైతులకు గట్టిగా చెప్పాలి. ఒక డిగ్రీ తేడా వస్తే పిల్లలే మిగలవు.

ఇంత తెలిసిన తరువాత కూడా కష్టం ఎందుకు పెరిగిందంటే, బ్రాయిలర్ మారిపోయింది. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంవారు పాతకాలపు జాతులను అలాగే కాపాడి ఉంచుకొని, వాటినీ కొత్తవాటినీ ఒకే మేతతో పెంచి 2014లో ఫలితం ప్రకటించారు. 56 రోజులకు 1957నాటి జాతి కోడి 905 గ్రాములు తూగింది. 1978నాటిది 1,808 గ్రాములు. 2005నాటిది 4,202 గ్రాములు! అదే కోడి, అదే వయస్సు, నాలుగురెట్లకు మించిన బరువు. తిన్న ప్రతి పిడికెడు మేతా ఒంట్లో కొంత వేడి పుట్టిస్తుంది. మేత పెరిగింది, వేడి పెరిగింది. గొంతు, జుట్టు, కాళ్ళు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఎండకు ముందు పడిపోయేది అమ్మకానికి సిద్ధమైన పెద్దకోడే కావటానికి కారణం ఇదే. రైతు పెట్టుబడి అంతా దానిలోకి పోయిన రోజున అది పడిపోతుంది.

మరి ఈకలు తీసివేస్తే? ఈ ఆలోచన కూడా వచ్చింది. మెడమీద ఈకలు లేని బోడిమెడ కోళ్ళు చాలా దేశాల్లో ఉన్నాయి. ఈ గుణం తల్లిదండ్రుల్లో ఒకరినుంచి వచ్చినా బిడ్డలో కనిపిస్తుందని 1914లో డావెన్‌పోర్ట్ రాశాడు. ఒకరినుంచి వస్తే ఈకలు సుమారు అయిదోవంతు తగ్గుతాయి. ఇద్దరినుంచీ వస్తే అయిదింట రెండువంతులు. ఏ జన్యువు వల్ల ఇది జరుగుతున్నదో 2011లో ఎడింబరో శాస్త్రజ్ఞులు పట్టుకొన్నారు. 1957లో కాలిఫోర్నియావారు అసలు ఈకలే రాని కోడిని గురించి ప్రకటించారు. దానినుంచి 2002లో ఇజ్రాయెల్‌లో కహానర్ అనే ఆచార్యుడు ఈకలు లేని బ్రాయిలర్‌ను తయారుచేశాడు. పత్రికల్లో దాని బొమ్మ చూసినవారు తినటానికి ఒలిచిన కోడి నడిచి వస్తున్నదనుకొన్నారు. ఎండకు అది నిజంగానే బాగా తట్టుకొన్నది. కాని ఎండ నేరుగా తగిలితే చర్మం కాలుతుంది, దోమలు పీకుతాయి, నాలుగు చినుకులు పడ్డ రాత్రి చలికి వణుకుతుంది. పల్లెకోడికి అది పనికిరాదని నా అభిప్రాయం. బోడిమెడ మధ్యేమార్గం. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో 1979లో ఏర్పడిన కేంద్ర పక్షి పరిశోధన సంస్థవారు బోడిమెడ రక్తంతో హితకారి అనీ, ఈకలు వెనక్కు తిరిగిన జాతి రక్తంతో ఉపకారి అనీ పెరటికోళ్ళను తయారుచేశారు. మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో పెట్టిన కోళ్ళ పరిశోధన కేంద్రంనుంచి వనరాజా, గ్రామప్రియ వచ్చిన సంగతి మీకు తెలిసినదే.

ఆ మాటకొస్తే మన అసీలును చూడండి. జుట్టు బఠాణీగింజంత, గడ్డం తోళ్ళు లేనట్టే. జుట్టే సర్వస్వమైతే ఇది ఎండకు మొదట పోవాలి. పోదు. పొడుగు కాళ్ళు, ఒంటికి అంటుకుపోయిన కురచ ఈకలు, రొమ్ముమీద అక్కడక్కడా కనిపించే ఎర్రని చర్మం, వీటితో నెట్టుకొస్తుంది. పైగా గుడ్లు తక్కువ పెడుతుంది, మెల్లగా పెరుగుతుంది. ఒంట్లో పుట్టే వేడే తక్కువ. నాటుకోడి ఎండకు గట్టిదని మనం పొగుడుతాము. అందులో సగం దాని గొప్ప అయితే, మిగతా సగం మనం దానినుంచి తక్కువ ఆశించటమే. ఎక్కువ గుడ్లు, ఎక్కువ మాంసం ఇచ్చే కోడిని తెచ్చుకొన్నవారు ఆ తేడాను నీడతో, గాలితో, నీటితో పూడ్చవలసి ఉంటుంది.

ఎలా పూడ్చాలో పై కథలోనే ఉన్నది గనుక నాలుగు మాటల్లో చెబుతాను. అడవికోడి చల్లపూట మేసేది. కాబట్టి ఎండ ముదరక ముందే మేత తీసివేసి, పొద్దు వాలాక పెట్టండి. తెల్లవారుజామున దీపం వెలిగించి మేపినా మంచిదే. నడిమధ్యాహ్నం కోళ్ళను పట్టటం, బుట్టలకెత్తటం, టీకాలు వేయటం మానండి. షెడ్డు కప్పుమీద గడ్డి పరచి తడపండి. పక్కల గోనెపట్టాలు కట్టి తడపండి. కాని లోపల నీళ్ళు చల్లేటప్పుడు గాలి ఆడుతున్నదో లేదో ముందు చూసుకోవాలి. కోస్తాలో ఉక్కగా ఉన్న రోజున మూసిన షెడ్డులో నీళ్ళు చల్లితే కోడికి ఉన్న ఒక్క ఆయుధాన్ని మన చేతులతో విరిచినట్టే. అటువంటి రోజున పంకాలే తిప్పాలి. చల్లని రాత్రి ఒకటి దొరికితే కోడి పగటి బాకీ తీర్చుకుంటుంది గనుక రాత్రి కూడా పక్కలు తెరిచి ఉంచండి.

నీటి లెక్క కట్టుకోండి. నూరు గుడ్లకోళ్ళకు చలికాలం ఇరవై పాతిక లీటర్లు సరిపోయినచోట వేసవిలో నలభై, యాభై సిద్ధంగా ఉండాలి. తొట్లు కూడా ఆ లెక్కన పెంచాలి, లేకపోతే బలహీనమైనవి నీటిదాకా చేరలేవు. ఇంకొకటి. చాలాచోట్ల తొట్టినిండా నీళ్ళున్నా కోళ్ళు తాగవు. ఎందుకంటే కప్పుమీది ట్యాంకు పొద్దుటినుంచి ఎండలో కాగుతూ ఉంటుంది. నల్లని పైపు ఇంకా కాగుతుంది. ఒంటివేడికి దగ్గరగా వచ్చిన నీటిని కోడి ముట్టదు. ట్యాంకుమీద తాటాకుల పందిరి వేయండి, పైపుమీద మట్టి కప్పండి. పన్నెండు గంటలకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి మీరే వెళ్ళి తొట్టిలో చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ నీళ్ళు ఒంపివేసి, చల్లనివి వచ్చేదాకా కుళాయి వదిలిపెట్టండి.